గోడ మీది ఐదో పేరు

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ వెనక సందులో షేక్ దస్తగిరి కుట్టుమిషను నలభై ఏళ్ళుగా ఒకే చోట ఉంది. పెళ్ళిబట్టలు ఆయన కుట్టడు. స్కూలు యూనిఫారాలూ, ఆటల పోటీలకి నిక్కర్లూ, వీపు మీద నంబరు వేసిన బనీన్లూ కుడతాడు. అరవై మూడేళ్ళ మనిషి. మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగాయి. అయినా సాయంత్రం ఐదున్నరయ్యేసరికి మిషను మీద గుడ్డ కప్పి, క్లబ్బు బాస్కెట్‌బాల్ కోర్టుకి నడిచి వెళ్ళి, గీత పక్కన సిమెంటు బల్ల మీద తన చోట తను కూర్చుంటాడు. ఒకరోజు రాకపోతే ఒంట్లో బాగాలేదేమోనని ఇంటికి మనిషిని పంపిస్తారు.

ఆ బల్ల మీద కూర్చునేవాళ్ళకి వేరే వ్యాపకం లేదు. ఎండల గురించి మొదలుపెట్టినా, ఎలక్షన్ల గురించి మొదలుపెట్టినా, చివరికి మాట ఒక్కచోటికే చేరుతుంది. ఈ క్లబ్బులో ఇన్నేళ్ళుగా ఆడినవాళ్ళలో అందరికన్నా గొప్ప ఎవరు? కుర్రకారు ఫోన్లలో అమెరికా ఆటగాళ్ళని పక్కపక్కన పెట్టుకుని, ఆ కాలంవాడు గొప్పా ఈ కాలంవాడు గొప్పా అని జుట్లు పట్టుకుంటారు. పెద్దవాళ్ళు గూడెం పొలిమేర దాటరు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు కదా, ఆ బల్ల మీద అలా తలలు తన్నుకుంటూ యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయి, దీపాలు పెట్టే వేళకి తిరిగొస్తారు.

క్లబ్బు సెక్రటరీ విజయ్‌కుమార్ ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. నలభై అయిదేళ్ళుంటాయి, మెత్తటి మనిషి. ఆయన మాట ఎప్పుడూ రాజశ్రీ మీదే. ఆ అమ్మాయి ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడే ఆడి, రాష్ట్రం జట్టుకి వెళ్ళింది. ఇప్పుడు పెంటపాడు స్కూల్లో ఆటల టీచరు.

"ఇప్పటి ఆట వేగం వేరండీ దస్తగిరిగారూ. ఇప్పుడు ఎదుటివాడు కాపలా కాసే తీరు వేరు. మీ రోజుల్లో మనిషి నిలబడి, ఊపిరి పీల్చుకుని, గురి చూసుకుని వేసేవాడు" అనేవాడు విజయ్‌కుమార్.

"ఎక్కడ నిలబడి వేసేవాడండీ? మట్టిలో" అనేవాడు దస్తగిరి. "రాత్రి వాన కురిస్తే పొద్దున్న బురద తోడి పోసి ఆడేవాళ్ళం. తోలు బంతి తడిసి ఇటుకంత బరువయ్యేది. రింగుకి వల ఉండేది కాదు, పడిందో పక్కనించి పోయిందో తేల్చడానికి ఒక పంచాయితీ. మూడు పాయింట్ల గీతే లేదు. ఎంత దూరం నుంచి వేసినా రెండే. అలాంటి రోజుల్లో ఆడిన నాగభూషణాన్ని తీసుకొచ్చి ఈ నున్నటి నేల మీద నిలబెట్టి, ఈ లెక్కన పాయింట్లిచ్చి, అప్పుడు చెప్పండి."

అక్కడికొచ్చేసరికి బల్లంతా నవ్వేది. నాగభూషణమంటే ఊళ్ళో అందరికీ తెలుసు. ఉల్లిపాయల కమీషన్ కొట్టు నాగభూషణంగారు. గల్లాపెట్టె వెనక బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఆ భారీ శాల్తీ కాటా దగ్గరికి లేచి వెళ్ళగా కూడా ఎవరూ చూసి ఎరగరు.

"ఆయన బంతి పట్టుకోగా చూసినవాళ్ళెవరండీ?"

"నేను చూశాను."

"చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మీరు బతికున్నవాళ్ళ కళ్ళే చారెడు చేస్తున్నారండీ" అనేవాడు విజయ్‌కుమార్ నవ్వుతూ. దస్తగిరి మరి మాట్లాడేవాడు కాదు. వాదనలో ఓడిపోయి కాదు. మాటిచ్చినవాడు అంతకన్నా చెప్పకూడదు గనక.

ఆ మాట సంగతి ఇది. పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో దస్తగిరికి ఇరవై ఏళ్ళు. క్లబ్బు జట్టులో ఉన్నాడనే పేరేగానీ, ఎవడికైనా కాలు బెణికితే తప్ప కోర్టులో దిగేవాడు కాదు. ఒకరోజు తెల్లవారుజామున ఒంటరిగా బంతి వేసుకుంటూంటే, నాగభూషణం వచ్చి గీత పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివినవాళ్ళు. మహారాష్ట్ర నుంచి వచ్చిన లారీలు దింపించడానికి నాగభూషణాన్ని వాళ్ళ నాన్న తెల్లవారకముందే పంపేవాడు. దిగుమతి అయిపోయి కొట్టు తెరిచేలోపల గంటన్నర ఖాళీ. చొక్కా నిండా ఉల్లిపొట్టు. బంతి ఒకసారి ఇమ్మన్నాడు. ఇచ్చిన చోటినుంచే వేశాడు. సగం కోర్టు దూరం. బంతి రింగులోంచి జారి కింద పడింది. మళ్ళీ ఇమ్మన్నాడు, మళ్ళీ పడింది. నాలుగేళ్ళుగా తను ఆడుతున్నది ఆట కాదని దస్తగిరికి ఆ పొద్దున్న తెలిసింది. ఇంకొకడైతే కుళ్ళుకునేవాడు. ఈ పిచ్చివాడు పరుగెత్తుకెళ్ళి కోచ్ మాస్టారిని నిద్రలేపాడు.

నాగభూషణం నాన్న ఒప్పుకునే రకం కాదు. కమీషన్ కొట్టు వారసుడు నిక్కరేసుకుని, తొడలు కనబడేలా పదిమందిలో గెంతితే రేపు రైతు సరుకు తెచ్చి వేస్తాడా అని ఆయన సిద్ధాంతం. పైగా పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి. టోర్నమెంటులో ఆడితే పేరు పేపర్లో పడుతుంది. అప్పుడు మాస్టారు ఒక ఉపాయం చెప్పాడు. గూడెంలో ఆడొద్దు, బయట ఊళ్ళలో ఆడు. నీ పేరుతో ఆడొద్దు, దస్తగిరి పేరుతో ఆడు. దస్తగిరి పేరే ఎందుకంటే, జట్టులో లేకపోయినా తేడా తెలియని మనిషి అతనొక్కడే. ఈ సంగతి మాస్టారు మొహమాటపడుతూ చెప్తే, దస్తగిరే నవ్వి సరేనన్నాడు.

మూడేళ్ళు అలా నడిచింది. ఉల్లిపాయలకి గోనెసంచులు కావాలి, సంచుల బేరానికి ఏలూరు వెళ్ళొస్తానని నాగభూషణం ఇంట్లో చెప్పేవాడు. ఇద్దరూ పొద్దున్న పాసింజరుకి దిగి, గబగబా సంచులు కొని మోపులు కట్టించి, అప్పుడు ఆటకి వెళ్ళేవాళ్ళు. భీమవరంలో, బందరులో, ఎక్కడ ఆడినా మైకులో "దస్తగిరి, ఏడో నంబరు" అని పిలిచేవాళ్ళు. ఏడో నంబరు బనీను వేసుకుని నాగభూషణం లేచేవాడు. అసలు దస్తగిరి గ్యాలరీలో వేరుశెనక్కాయలు తింటూ తన పేరుకి తనే చప్పట్లు కొట్టేవాడు. అంత సంతోషం ఆయన జన్మలో మళ్ళీ ఎరగడు.

ఎనభై మూడులో ఏలూరు ఫైనల్లో బందరు జట్టు మీద నాగభూషణం ముప్పై నాలుగు పాయింట్లు వేశాడు. అందులో పదకొండు బుట్టలు ఇప్పటి గీతకి బయటివి. ఈనాటి లెక్కన నలభై అయిదు. ఈ కూడిక దస్తగిరి ఎన్నిసార్లు చేసుకున్నాడో భగవంతుడికి తెలియాలి. కప్పు వచ్చింది. పేపరు ఫొటోగ్రాఫరు వచ్చేసరికి నాగభూషణం చెమటతో తడిసి ముద్దయిన బనీను విప్పి దస్తగిరి చేతిలో పెట్టి, గోడ అవతలికి తప్పుకున్నాడు. ఆ తడి బనీను తొడుక్కుని, కప్పు పట్టుకుని దస్తగిరి ఫొటోకి నిలబడ్డాడు.

మరుసటి సంవత్సరం రాష్ట్రం జట్టు క్యాంపుకి రమ్మని ఉత్తరం వచ్చింది, షేక్ దస్తగిరి పేర. క్యాంపులో ఫొటోతో వయసు సర్టిఫికెట్టు చూపించాలి, ఇరవై రోజులు ఉండాలి. గోనెసంచుల బేరానికి ఇరవై రోజులు ఎవరు పంపిస్తారు? నాగభూషణం ఆ ఉత్తరం రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చేశాడు. "ఎవరికీ చెప్పకురా. నాన్నకి తెలిస్తే చచ్చిపోతాడు" అన్నాడు. ఆ నెల నుంచి కొట్లో కూర్చున్నాడు. ఆ తరవాత బంతి ముట్టలేదు. తండ్రి పోయాక దస్తగిరి ఒకసారి కదిపితే, "ఇప్పుడెందుకురా, కొట్టు పరువు" అన్నాడు. మాట మాటే.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వవలసి వచ్చిందంటే, క్లబ్బు కోర్టుకి కొత్తగా పైకప్పు వేశారు, చెక్క నేల పరిచారు. తూర్పు గోడ మీద, క్లబ్బులో ఆడిన అన్ని కాలాల వాళ్ళలోనూ అత్యుత్తములని ఐదుగురి పేర్లు రాయించాలని కమిటీ తీర్మానించింది. నాలుగు పేర్లు తేలిగ్గానే తేలాయి. ఐదో పేరు రాజశ్రీదని దాదాపు ఖాయమైంది.

రెండేళ్ళుగా నాగభూషణానికి మతిమరుపు. మొదట్లో తాళాలు మరిచిపోయేవాడు. తరవాత వీధులు. "నిన్న నన్ను పట్టుకుని వాళ్ళ పెద్దక్క అనుకున్నారు అన్నయ్యగారూ. ఏలూరు డాక్టరుగారు ఇది తగ్గేది కాదనేశారు" అంది ఆయన భార్య మంగతాయారు, ఒకరోజు దస్తగిరి చూడ్డానికి వెళ్తే. అప్పటికింకా నాగభూషణం పేపరు హెడ్డింగులు పైకి చదువుతున్నాడు. దస్తగిరి ఇంటికొస్తూ దారంతా ఒకటే ఆలోచించాడు. వాడు చదవగలిగినన్నాళ్ళలో వాడి పేరు ఒక్కసారి వాడి కళ్ళబడాలి. వచ్చే ఏడాదికి రాసినా లాభం లేదు.

దస్తగిరి భార్య ఖైరున్నీసా అంతా విని, "మాటిచ్చారు కదండీ" అంది.

"ఎవరికిచ్చానో వాడే మరిచిపోతున్నాడు. ఇంకెవరికోసం దాచను?"

మంచం కిందనుంచి రేకుపెట్టె తీశాడు. మూడు సర్టిఫికెట్లు, నాలుగు పేపరు కటింగులు, ఫొటో, క్యాంపు ఉత్తరం. పెట్టె చంకలో పెట్టుకుని కమిటీ మీటింగుకి వెళ్ళాడు. ఎనిమిదిమంది కూర్చున్నారు. జరిగింది జరిగినట్టు, గోనెసంచులతో సహా చెప్పాడు. నలభై ఏళ్ళు మోసిన బరువు దింపేశాడు. తరవాత కాగితాలు చేతులు మారాయి.

"ముప్పై నాలుగు పాయింట్లా? ఒక్క మ్యాచిలో?" అన్నాడు ఒకాయన కటింగు చదువుతూ.

"స్టేట్ క్యాంపుకి పిలిచారండీ మిమ్మల్ని" అన్నాడు విజయ్‌కుమార్. ఆ ఉత్తరం రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఇన్నేళ్ళూ మా పక్కన ఆ బల్ల మీద కూర్చుని, ఒక్కసారైనా నోరు విప్పలేదేంటండీ?"

"నన్ను కాదండీ పిలిచింది. ఇప్పటిదాకా చెప్పాను కదా. ఆడింది నాగభూషణం."

విజయ్‌కుమార్ కళ్ళు చెమర్చాయి. చెప్తే నమ్మాలి, నిజంగానే చెమర్చాయి. "స్నేహితుడికి ఒంట్లో బాగాలేదని మీ పేరే ఇచ్చేద్దామనుకుంటున్నారు. ఈ రోజుల్లో ఎవరున్నారండీ ఇలాంటివాళ్ళు?"

దస్తగిరికి ఒళ్ళు మండింది. ఫొటో లాక్కుని బల్ల మీద పెట్టాడు. "నేను టైలర్నండీ. ఈ భుజం కుట్టు చూడండి, ఎక్కడికి జారిందో. మోచేతి దగ్గర వేలాడుతోంది. ఈ బనీను నా ఒంటికి కుట్టింది కాదు. నాకన్నా జానెడు పొడుగున్నవాడిది."

"అప్పట్లో అందరివీ వదులేగా అండీ" అన్నారు ఎవరో.

"అయితే రండి." లేచి కోర్టులోకి నడిచాడు. బంతి తీసుకుని, ఫౌలు గీత మీద నిలబడి వేశాడు. బంతి రింగుకి మూరెడు కింద ఆగిపోయింది. ఇంకోటి వేశాడు, బోర్డు వెనక్కి పోయింది. మూడోది వేసి, మోకాలు పట్టేసి అక్కడే కూలబడ్డాడు. నేను ఆటగాణ్ణి కాదు చూడండి మొర్రో అని ఒక మనిషి అంతలా రుజువు చేసుకోవడం ఆ కోర్టు పుట్టిన తరవాత అదే మొదలు. ఇద్దరు వచ్చి రెండు రెక్కలూ పట్టుకుని లేపారు. "వయసండీ, వయసు. ఎంతటివాణ్ణయినా పడేస్తుంది" అన్నారు. ఒకాయన దుమ్ము కూడా దులిపాడు.

పోనీ ఆనాటి జట్టులోవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక ముక్క రాయించుకు రండి, చూద్దాం అన్నాడు విజయ్‌కుమార్ ఆఖరికి. ఆ మాట దస్తగిరిని బతికించింది. కోచ్ మాస్టారు పోయి పాతికేళ్ళయింది. జట్టులో నలుగురు పోయారు. ఇద్దరి అజా పజా లేదు. మిగిలింది ఒక్క మధుబాబు. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయి, కైకలూరు దగ్గర సొంత ఊళ్ళో చేపల చెరువులు చూసుకుంటున్నాడు.

దస్తగిరి ఏలూరులో బస్సు మారి, కొల్లేటి వంతెన దాటి వెళ్ళాడు. గుర్రపుడెక్క కమ్మేసి నీళ్ళెక్కడో నేలెక్కడో తెలియడం లేదు. చెరువుగట్టు మీద డాబా. మధుబాబు దూరంనుంచే గుర్తుపట్టి ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. నాగభూషణం ఎలా ఉన్నాడని అడిగింది ముందు అతనే. విని తల పట్టుకున్నాడు.

"ఏం ఆటరా వాడిది" అన్నాడు. "నేను బంతి వాడి చేతిలో పెట్టి వెనక్కి తిరిగి నడిచొచ్చేవాణ్ణి. పడుతుందా లేదా అని చూసేవాణ్ణి కూడా కాదు. ఆ తరవాత బ్యాంకు జట్టులో దేశమంతా తిరిగి ఎంతోమందిని చూశాను. వాడి పక్కన నిలబెట్టదగ్గవాళ్ళు ఇద్దరు, మహా అయితే ముగ్గురు."

దస్తగిరికి ప్రాణం లేచొచ్చింది. నలభై ఏళ్ళలో ఆ మాట ఇంకొక నోటినుంచి వినడం అదే మొదలు. జేబులోంచి కాగితమూ పెన్నూ తీశాడు. "ఇదే రాసివ్వరా. ఇంకేం వద్దు."

మధుబాబు కాగితం వైపు చూశాడు. తీసుకోలేదు.

"నాకు ఉద్యోగం దేనిమీద వచ్చిందో తెలుసుగా నీకు? స్పోర్ట్సు కోటా. ఆ కప్పు మీద. దొంగపేరుతో మనిషిని దింపి గెలిచిన కప్పు అని నా చేత్తో రాసిస్తే ఏమవుతుంది? ముప్పై అయిదేళ్ళ సర్వీసురా."

"ఇప్పుడెవరు అడుగుతారు?"

"ఎవరూ అడగరేమో. అడిగితే? ఊళ్ళో నన్ను చూసి పిల్లల్ని ఆటల్లో పెట్టారు. నువ్వు చెప్పింది ప్రతి అక్షరం నిజం. నేను మాత్రం చెప్పను. నన్ను తిట్టుకో."

తిట్టడానికి కూడా ఏమీ లేదు. మధుబాబు దుర్మార్గుడు కాదు. చేపల పులుసుతో అన్నం పెట్టించాడు, రెండు కొర్రమీనులు సంచిలో వేసి, బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. బస్సు కదిలేదాకా దస్తగిరి మొహంలోకి చూడలేదు.

రెండోరోజు పొద్దున్నే కోర్టుకి వెళ్తే పెయింటరు నిచ్చెన మీద ఉన్నాడు. నాలుగు పేర్లు అయిపోయాయి. ఐదో వరసలో "షేక్" అని రాసి, "ద" దగ్గర కుంచె ముంచుతున్నాడు. దస్తగిరి నిచ్చెన పట్టుకుని దిగమన్నాడు. పెయింటరు విజయ్‌కుమార్‌కి ఫోన్ చేశాడు.

విజయ్‌కుమార్ స్కూటరు మీద వచ్చాడు. "ఆహ్వాన పత్రికలు అచ్చయిపోయాయండీ. కమిటీ అంతా ఏకగ్రీవం. రాజశ్రీకి కూడా చెప్పేశాం, కాగితాలు చూసి ఆ అమ్మాయే ఒప్పుకుంది."

"మధుబాబు ఒప్పుకోలేదు గానీ, నిజం ఆయనకీ తెలుసండీ. నేను మైకులో చెప్తాను."

విజయ్‌కుమార్ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టాడు. గొంతు తగ్గించాడు. "చెప్పండి. మేము నమ్మామనే అనుకుందాం. అప్పుడేమవుతుంది? క్లబ్బుకి ఆ రోజుల్లో వచ్చిన కప్పు అదొక్కటే. అది దొంగ కప్పవుతుంది. నాగభూషణంగారు మారుపేరుతో ఆడి మోసం చేసిన మనిషవుతారు. గోడ మీదికి ఎక్కడం సంగతి తరవాత, ఊళ్ళో పరువు పోతుంది. ఆయన తిరిగి సమాధానం చెప్పుకోగల స్థితిలో కూడా లేరు. ఆలోచించండి."

దస్తగిరి ఆలోచించాడు. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి వస్తే నుయ్యి. నమ్మకపోతే నాగభూషణం ఆడనే లేదు. నమ్మితే దొంగాట ఆడాడు. నాగభూషణం ఆడాడు, గొప్పగా ఆడాడు అన్న చిన్న నిజానికి ఈ భూమ్మీద ఎక్కడా చోటు లేదు. కాగితానికున్న విలువ మనిషికి లేదని ఎప్పుడూ అనుకునేదే అయినా, ఆ కాగితాలు భద్రంగా దాచింది తనేనని తలుచుకుంటే ఆయనకి ఏడుపొచ్చింది. చెదలు పట్టించి ఉంటే కనీసం రాజశ్రీ పేరయినా ఉండేది.

ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంటే, ఖైరున్నీసా వచ్చి పక్కన కూర్చుంది. "కోర్టులో దస్తగిరి అంటే ఆయనే కదండీ. మైకులో ఆ పేరు పిలిస్తే లేచింది ఆయనేగా. గోడ మీద చూస్తే ఆయనకి తెలీదా, అది తన పేరని?" అంది.

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. నిజమే. ఊరంతా ఏమనుకుంటే ఏం? చదవవలసినవాడు సరిగ్గా చదువుకుంటే చాలు. వాడు ఆ పేరు చూసి ఒక్క నవ్వు నవ్వితే చాలు. మిగిలిన రోజులు ఆ ఆశతోనే మిషను తొక్కాడు.

ప్రారంభోత్సవం రోజున జనం బాగానే వచ్చారు. దస్తగిరికి దండ వేశారు. బల్ల మీద మిత్రులు అప్పుడే కొత్త వాదన మొదలుపెట్టేశారు. దస్తగిరి గొప్పా, రాజశ్రీ గొప్పా? ఆయన్నే అడిగారు. "రాజశ్రీ" అన్నాడు దస్తగిరి. ఆయన వినయానికి అందరూ మురిసిపోయారు. రాజశ్రీ కూడా వచ్చింది. పొడుగాటి మనిషి, మోకాలికి పట్టీ ఉంది. "మీ గురించి చదివానండీ. మట్టి కోర్టులో, గీత లేని రోజుల్లో ముప్పై నాలుగంటే మాటలు కాదు. మీ పేరుండి నా పేరు లేకపోయినా నాకు బాధ లేదండీ" అంది. ఆమెకి బాధ ఉంది, కళ్ళలో తెలుస్తోంది. ఆ మొహం వైపు చూడలేక దస్తగిరి నేల చూపులు చూశాడు.

అందరూ కాఫీలకి వెళ్ళాక మంగతాయారు నాగభూషణాన్ని కారులో తీసుకొచ్చింది. జనంలో కంగారుపడతాడని ఆలస్యంగా తెమ్మన్నది దస్తగిరే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చిక్కిపోయి, దస్తగిరి భుజం పట్టుకుని మెల్లగా లోపలికి నడిచాడు. చెక్క నేలని కాలితో తట్టి చూశాడు. రింగుకేసి చూశాడు. దస్తగిరి ఆయన్ని గోడ ముందు నిలబెట్టాడు.

నాగభూషణం పై నుంచి ఒక్కొక్క పేరూ కూడబలుక్కుని చదివాడు. ఐదో పేరు దగ్గర ఆగాడు. "షేక్... దస్తగిరి." మొహం వెలిగింది. "ఒరేయ్, నీ పేరురా."

"అది ఎవరి పేరో నీకు తెలుసుగా భూషణం?" అన్నాడు దస్తగిరి.

"నీ పేరు నాకు తెలీదురా? ఏలూరులో, బందరు వాళ్ళ మీద, చివర్లో కుడివైపు మూలనించి వేశావు చూడు. ముగ్గురు మీద పడ్డారు. నువ్వు వెనక్కి ఒంగి, ఒంటి కాలి మీద వేశావు. అప్పటికే నీ ఎడమకాలి బూటు లేసు తెగింది. లోపల కాలు జారిపోతోంది. జారితే పడతానని తెలిసే వేశావు. బంతి వేళ్ళు వదిలినప్పుడే నీకు తెలిసిపోయింది, పడుతుందని."

లేసు తెగిన సంగతి దస్తగిరికి కూడా తెలియదు. గ్యాలరీలో వేరుశెనక్కాయలు తినేవాడికి కనబడే సంగతి కాదది.

ఆయన నాగభూషణం రెండు చేతులూ పట్టుకున్నాడు. "వేసింది నువ్వురా. నేను కాదు. ఆ కాలు నీది. నా పేరుతో నువ్వు ఆడావు. ఒక్కసారి జ్ఞాపకం చేసుకో."

నాగభూషణం చిన్నపిల్లవాణ్ణి ఊరడించినట్టు ఆయన చెంప మీద తట్టాడు.

"నాకూ ఆడాలని ఉండేదిరా. చాలా ఉండేది. నాన్నకి భయపడి కొట్లో కూర్చుండిపోయాను. నేను బాధపడతానని నువ్విలా అంటున్నావు, నాకు తెలీదా?" భార్య వైపు తిరిగాడు. "వీడు చిన్నప్పటినుంచీ ఇంతేనే. తనది తీసి నాకిచ్చేస్తాడు."

మంగతాయారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "మీలాంటి మనసు ఎవరికుంటుంది అన్నయ్యగారూ" అంది. నాగభూషణం గోడ వైపు తిరిగి, ఆ పేరుకి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

నిజం చెప్పుకోవడానికి దస్తగిరికి ఇక ఎవరూ మిగల్లేదు.